ఇంకా ఎవరూ చూడని సినిమా

కొచ్చిలో మూడు రోజుల తరగతి ముగించుకుని తిరుగు రైలెక్కేసరికి ప్రసీద నోటు పుస్తకం సగం నిండింది. సినిమా తీయడం వేరు, సినిమా నిర్మించడం వేరు అని మొదటి పేజీలోనే రాసుకుంది. కెమెరా ముందు ఏం జరగాలో దర్శకుడు చూసుకుంటాడు. మిగతా లోకమంతా నిర్మాత నెత్తినే. పేరున్న నటులూ, వెనక పెద్ద కంపెనీలూ లేని చిన్న సినిమా అయితే పడవలు అడిగేదీ, అన్నం వండించేదీ, అలిగినవాళ్ళని బతిమాలేదీ ఆ ఒక్క మనిషే.

పాఠం చెప్పిన కురువిళ సార్ చివరి రోజు మధ్యాహ్నం బోర్డు మీద ప్రీమియర్ అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు.

"చిన్న సినిమాకి ఉన్న ఆస్తి ఒక్కటే. ఇంకా ఎవరూ చూడలేదన్న మాట. పెద్ద ఫెస్టివల్ వాళ్ళు ముందు అడిగేది మీ కథేంటని కాదు, ఇది ఇంతకుముందు ఎక్కడైనా వేశారా అని. వేశామన్నారా, తలుపు మూసేస్తారు. కాబట్టి మీ అమ్మ అడిగినా చూపించకండి."

అందరూ నవ్వారు. ప్రసీద నవ్వకుండా రాసుకుంది. చెప్పినవాడు నవ్వుతూ చెప్పినా తాను మాత్రం వేదంలా పట్టుకుంటుంది. ఆమెతో వచ్చిన చిక్కే అది.

ఆమె ఊరు ఉత్తర కేరళలో కవ్వాయి ఉప్పుటేటి ఒడ్డున ఉంది. అక్కడి గ్రంథాలయంలో పదేళ్ళుగా పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగం ఆమెది. నెలకొక ఆదివారం ఆ గ్రంథాలయం ముంగిట తెల్లగుడ్డ కట్టి, ఎక్కడెక్కడి దేశాల సినిమాలు వేస్తారు. ఏట్లో గుల్లలు ఏరే ఆడవాళ్ళు, బీడీలు చుట్టే మగవాళ్ళు, ఆ భాషలో ఒక్క ముక్క రాకపోయినా కదలకుండా చూసి, ఇంటికి పోతూ దర్శకుడి తాతముత్తాతల్ని తిడతారు. నచ్చితే ఆ మాట వారం రోజులకి గాని బయటపెట్టరు. అలాంటి ఊళ్ళో మనమే ఒక సినిమా తీద్దామన్న పిచ్చి పుట్టడంలో వింతేమీ లేదు.

ఆ ఊరికి ఒక ఆనవాయితీ కూడా ఉంది. ఊళ్ళో తయారైంది ఏదైనా ముందు ఊరు చూడాలి. కొత్త పడవ చేయిస్తే, నీళ్ళలోకి దించే ముందు ఒక రోజంతా గ్రంథాలయం ముంగిట ఉంచుతారు. వచ్చినవాళ్ళు తడిమి చూసి, వంకలు పెట్టి, నల్ల టీ తాగి పోతారు. ఆ తరవాతే అది ఏట్లో దిగుతుంది. ఊరు చూడకుండా దించిన పడవ ఒడ్డు మరిచిపోతుందని పెద్దవాళ్ళ మాట.

సినిమాకి కథ రాసినవాడూ దర్శకుడూ షినోజ్. అదే ఊరివాడు, పుణేలో సినిమా చదువు చదివొచ్చాడు, ముప్పై దాటలేదు. ఒక ముసలామె, ఒక పడవ, ఆటుకి ఏటి నీరు తీసే వేళ, పోటుకి మళ్ళీ ఎక్కే వేళ. కథంటే అంతే. ముసలామెగా వేయడానికి తంబాయిని అడిగారు. ఎనిమిదో ఏట నుంచి ఏట్లో గుల్లలు ఏరుతున్న మనిషి, ఇప్పుడు డెబ్భై ఒకటి. నడుం లోతు నీళ్ళలో నిలబడి, పాదాలతో బురద తడిమి, కాలి వేళ్ళ కింద గుల్ల తగలగానే మునిగి తీస్తుంది.

"నటించడం నాకు రాదు పిల్లా," అంది ప్రసీదతో. "రోజూ చేసేదే చేస్తాను. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే పొండి."

జనవరిలో పంతొమ్మిది రోజులు తీశారు. పంతొమ్మిది ఇళ్ళవాళ్ళు రోజుకో ఇల్లు చొప్పున వంతు వేసుకుని పదకొండు మందికి వండిపెట్టారు. ఒకరు ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి పుట్టు, శనగలు. ఒకరు ఉడికించిన కర్రపెండలం, మిరపకాయల పచ్చడి, చేపల పులుసు. ఏడుగురు పడవలిచ్చారు. టీ కొట్టు పవిత్రన్ మాత్రం ఏమీ ఇవ్వలేదు గానీ, పొద్దున్నే ఒడ్డుకొచ్చి, "మా తంబాయక్కకి మేకప్ వేశారా? వేసినట్టు లేదే, రోజూ ఇంత అందంగానే ఉంటుంది," అని అందరినీ నవ్వించి పోయేవాడు. ప్రసీద ప్రతి ఇంటికీ ఒకటే మాట చెప్పింది. సినిమా అయ్యాక మొదటి ఆట ఇక్కడే, గుడ్డ మీదే, పడవలిచ్చిన ఏడుగురు ముందు వరసలో. మనస్ఫూర్తిగానే చెప్పింది, కొచ్చిలో రాసుకున్న మాట అప్పుడు గుర్తుకే రాలేదు.

పద్నాలుగో రోజు ఏటి మధ్య ఇసుక దిబ్బ మీద ఉన్నారు. తంబాయి, షినోజ్, కెమెరా కుర్రాడు, శబ్దం పట్టేవాడు, ప్రసీద. మిగతా ఊరివాళ్ళు ఎవరూ లేరు. నీరు తీసింది. షినోజ్ ఆమెను ఊరికే ఏదైనా మాట్లాడమన్నాడు. వానల గురించో, గుల్లల గురించో చెబుతుందనుకున్నారు.

ఆమె చెల్లెలి గురించి చెప్పింది. అప్పటికి కుంజాతికి తొమ్మిదేళ్ళు, తనకి పన్నెండు. ఇద్దరూ ఈ దిబ్బకే వచ్చారు. నీరు ఎక్కే వేళ గమనించలేదు. మెడ లోతు వచ్చింది. ఒక చేతిలో చెల్లెలి చెయ్యి, ఇంకో చేతిలో పొద్దుటి నుంచి ఏరిన గుల్లల బుట్ట.

"బుట్ట జారింది," అంది తంబాయి, కెమెరా వైపు చూడకుండా. "బుట్ట పోతే అమ్మ చంపేస్తుందని, దాని చెయ్యి వదిలి బుట్ట పట్టుకున్నాను. ఒక్క క్షణమే. మళ్ళీ చూస్తే అది లేదు. సుడి లాక్కుపోయిందని చెప్పాను ఊళ్ళో. సుడి ఏమీ లేదు ఆ రోజు. బుట్ట మాత్రం ఇంటికి తెచ్చాను. ఆ గుల్లలే వండుకుని తిన్నాం."

పడవలో తిరిగి వస్తున్నప్పుడు తంబాయి ప్రసీద చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేళ్ళూ నోటితో చెప్పలేకపోయాను తల్లీ. ఒకరితో చెబితే ఇంకొకరు ఇంకోలా వింటారు. మీ సినిమాలో అయితే అందరూ ఒకేసారి వింటారు కదా. నన్ను గుడ్డకి పక్కగా, జనం వైపు తిప్పి కూర్చోబెట్టు. నేను సినిమా చూడను. వినేటప్పుడు వాళ్ళ మొహాలు చూస్తాను. తిడతారో, ఉమ్ముతారో, ఏం చేస్తారో. అది చూస్తే చాలు నాకు."

"అలాగే అమ్మమ్మా," అంది ప్రసీద.

జూన్‌కి సినిమా తయారైంది. డెబ్భై ఎనిమిది నిమిషాలు. కొచ్చిలో కూర్చుని చూస్తే అందులో తంబాయి మాట ఒక్కటి కూడా లేదు. ముసలామె మొహం, నీళ్ళు, ఆకాశం, మళ్ళీ మొహం.

"చెల్లెలి కథేది?" అంది ప్రసీద.

"అది పెడితే సినిమా మొత్తం ఆ ఒక్క ఏడుపు చుట్టూ తిరుగుతుంది అక్కా," అన్నాడు షినోజ్. "ఆవిడ మొహంలో అంతా ఉంది. మాట అక్కర్లేదు."

అబద్ధమేమీ కాదు, మొహంలో నిజంగానే అంతా ఉంది. నోటు పుస్తకంలో ఇరవై రెండో పేజీలో 'దర్శకుడి కత్తెరలో చెయ్యి పెట్టకు' అని ఉంది. దాని ఎదురు పేజీలోనే 'చివరి మాట నిర్మాతదే' అని కూడా ఉంది. రెండూ కురువిళ సార్ చెప్పినవే. ప్రసీద సులువైన పేజీని నమ్మింది. తంబాయికి ఎలా చెప్పాలో తరవాత ఆలోచిద్దామనుకుంది. ఆ తరవాత అన్నది ఎప్పటికీ రాలేదు.

జులైలో తంబాయిని కళ్ళ డాక్టర్‌కి చూపించారు. నీటికాసులు. పక్క చూపు అప్పటికే పోయింది, మధ్యలో మిగిలింది కూడా మెల్లగా పోతుంది, పోయిన చూపు మళ్ళీ రాదు. చుక్కల మందు వేసుకుంటే ఇంకో ఏడాది, అదృష్టం బాగుంటే కొంచెం ఎక్కువ.

గ్రంథాలయం అధ్యక్షుడు అంబు మాష్టారు మర్నాడే ప్రసీద బల్ల దగ్గరికి వచ్చాడు. బడి పంతులుగా చేసి రిటైరైన మనిషి, తంబాయి కన్నా మూడేళ్ళు చిన్న, కుంజాతితో కలిసి ఒక బల్ల మీద చదువుకున్నవాడు.

"ఓణం పండక్కి గుడ్డ కట్టేద్దాం అమ్మాయ్. తంబాయక్కకి కళ్ళుండగానే ఆడేద్దాం."

"ఇప్పుడు వద్దు మాష్టారూ. పెద్ద ఫెస్టివల్స్‌కి పంపాం. అక్కడ మొదటిసారి ఆడేదాకా ఎక్కడా వేయకూడదు. నియమం."

"మన ముంగిట వేసుకుంటే ఆ దేశాలవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది. ఎవరో ఒకరు ఫోన్‌లో తీసి పెడతారు. అంతటితో సరి."

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నియమం అన్నావు కాబట్టి సరే. మన ఊరికీ ఒక నియమం ఉంది, గుర్తుంచుకో."

ప్రసీదకి గుర్తుంది. కానీ నిజం చెప్పాలంటే, ప్రీమియర్ అన్న మాట దొరకడం ఆమెకి మేలైంది. ఆ మాట అడ్డం ఉన్నంతకాలం, సినిమాలో చెల్లెలి కథ లేదన్న సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇది ఆమె తనలో తాను కూడా ఒప్పుకోలేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే ఫెస్టివల్ గడువు తేదీల గురించి బెంగ అనుకునేది.

ఓణం వచ్చి వెళ్ళింది. టీ కొట్టు దగ్గర పవిత్రన్ నోరు ఊరుకోలేదు.

"నిర్మాతగారూ, ఏరు దాటాక తెప్ప తగలేస్తారని విన్నాను గానీ, తెప్ప మీదుండగానే తగలేస్తారని ఇప్పుడే చూస్తున్నా."

"ఇంకొన్నాళ్ళు ఆగండి అన్నా."

"మేం ఆగుతాం. మాకేం, కళ్ళు బానే ఉన్నాయి."

ఆ మాట ఆమెకి చురుక్కుమంది. మర్నాడు మధ్యాహ్నం లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని తంబాయి ఇంటికి వెళ్ళింది. ఆమె ఒక్కదానికే చూపించేస్తే సరిపోతుందనుకుంది. చూశాక కథ లేదని ఆవిడే తెలుసుకుంటుంది, తాను నోరు విప్పక్కర్లేదు. తంబాయి అరుగు మీద కూర్చుని గుల్లల్లోంచి మాంసం తీస్తోంది. చూపు అక్కర్లేని పని, వేళ్ళు ఆగకుండా ఆడుతున్నాయి.

"నీ గొంతు విన్నాక నీ మొహం వెతుక్కుంటున్నాను," అంది. "తాళం కన్నంలోంచి చూసినట్టుంది. ముక్కు కనిపిస్తే చెవులు కనిపించవు."

"సినిమా తెచ్చాను అమ్మమ్మా. మీరొక్కరే చూడండి, ఎవరికీ చెప్పకుండా."

తంబాయి చేతులు ఆగాయి. "నా మొహం నేను చూసుకుని ఏం చేస్తాను? అద్దం ఉంది ఇంట్లో. అంబు మొహం చూడాలి నేను. పవిత్రన్ తల్లి మొహం చూడాలి, అది కుంజాతికి ప్రాణం. ఒక్కదానికే వేస్తే ఏం లాభం?"

"అయితే ఇంకొన్నాళ్ళు..."

"ఆగుతాలే. ఇన్నేళ్ళు ఆగినదాన్ని. నా కళ్ళకి మాత్రం కాస్త చెప్పు ఆగమని."

నవ్వుతూనే అంది. ప్రసీద కూడా నవ్వి, ఇంత కర్రపెండలం తిని, సంచి తెరవకుండానే ఇంటికి వచ్చేసింది. దారిలో ఆమెకి గుండె తేలికైనట్టు అనిపించింది. ఆ తేలికని తలచుకుంటే ఇవాళ్టికీ ఆమెకి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

అక్టోబర్‌లో మొదటి ఫెస్టివల్ వాళ్ళు కాదన్నారు. డిసెంబర్‌లో రెండోవాళ్ళు. వేల సినిమాలొచ్చాయి, మీది మమ్మల్ని కదిలించింది, కానీ క్షమించండి. ఫిబ్రవరిలో మూడోవాళ్ళు అవే మాటలు కొంచెం అటూ ఇటూ మార్చి పంపారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎవరూ పిలవని సినిమాకి ప్రీమియర్ కాపాడుతూ ప్రసీద ఇంకో నాలుగు చోట్లకి పంపింది. ఇంత ఆగాక ఇప్పుడు వదిలేస్తే ఆగినదంతా వృథా అవుతుందని ఆమె లెక్క. షినోజ్ అప్పటికి కొచ్చి వెళ్ళి ఇంకెవరి సినిమాకో పని చేస్తున్నాడు.

మార్చి చివర తంబాయి ఏట్లో దిగి, దిబ్బ అనుకుని లోతువైపు నడిచింది. పక్క పడవవాళ్ళు పట్టి లాగారు. ఆ రోజు నుంచి ఇంట్లోవాళ్ళు ఆమెను నీళ్ళలోకి పంపలేదు. ఏప్రిల్‌లో ప్రసీద వెళితే ఆమె తల పక్కకి తిప్పి, చెవి ముందుకి పెట్టి మాట్లాడింది. ప్రసీద అడగలేదు. అడగక్కర్లేకుండానే తెలిసింది.

మేలో పిలుపు వచ్చింది. ఉత్తరాదిన కొండల్లో ఒక చిన్న ఫెస్టివల్, మూడు రోజులది. అక్కడి సినిమాలు ఎంచే అమ్మాయి స్వయంగా ఫోన్ చేసింది. మాట హుషారుగా ఉంది. సినిమా బాగుంది, ఆ ముసలావిడ మొహం మరిచిపోలేకపోతున్నాం అంది. చివర్లో మాటవరసకి అడిగింది.

"మీ ఊళ్ళోవాళ్ళు ఏమన్నారు చూసి?"

"ఊళ్ళో వేయలేదండీ. ఇంకా ఎవరూ చూడలేదు. ప్రీమియర్ పోతుందని."

ఆ అమ్మాయి గొంతులో హుషారు తగ్గింది.

"అదేంటండీ. టిక్కెట్టు లేకుండా, మీవాళ్ళకి మీ వాకిట్లో గుడ్డ కట్టి వేసుకుంటే దాన్ని ఎవరు ప్రీమియర్ కింద లెక్కపెడతారు? మేమైతే పెట్టం. పెద్దవాళ్ళు కూడా దానికి పట్టింపు పెట్టరు, ఒక మాట రాసి అడిగితే సరిపోయేది. నటించినవాళ్ళకి ముందు చూపించకుండా ఎవరుంటారు?"

ఒక మాట రాసి అడిగితే. పది నెలల్లో ఆ ఫెస్టివల్స్‌కి ప్రసీద నలభై ఉత్తరాలు రాసింది. సినిమా పొడవెంత అని, కింద వచ్చే అక్షరాల సైజెంత అని, పోస్టర్ ఏ కొలతలో పంపాలని. ఈ ఒక్కటీ అడగలేదు. తెలియక అడగలేదా, అడిగితే సరే అంటారేమోనని అడగలేదా? ఫోన్ పెట్టేశాక ఆమె గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని, ఆ ప్రశ్నకి జవాబు తనకి తెలుసని గ్రహించింది.

కొండ ఊళ్ళో ఆట రోజున హాల్లో పద్నాలుగు మంది ఉన్నారు. ఇద్దరు మధ్యలో లేచిపోయారు. అయ్యాక ఒకాయన ప్రసీద చెయ్యి ఊపుతూ, ఆ మౌనం అద్భుతం అన్నాడు. ఆమె థాంక్స్ చెప్పింది.

ఊళ్ళో ఆట మరుసటి ఓణం ముందు పెట్టుకున్నారు. దానికి వారం ముందు ప్రసీద షినోజ్‌కి ఫోన్ చేసింది.

"ఊరి ఆటకి మాత్రం చెల్లెలి కథ పెట్టివ్వు. ఒక్కసారికి."

"ఊరికొక సినిమా, ఫెస్టివల్‌కొక సినిమా ఉండదక్కా. ఆ ముక్కలున్న డిస్క్ కూడా స్టూడియోవాళ్ళు తుడిచేసి వాడుకున్నారు. దాచమంటావా అని అప్పుడు అడిగారు కూడా, నువ్వే అక్కర్లేదన్నావుట."

నిజమే, అన్నది. ఫిబ్రవరిలో, మూడోవాళ్ళు కాదన్న వారం, ఏదో జాబితా పంపితే చదవకుండానే సరే అంది.

ఆటకి ఊరు ఊరంతా వచ్చింది. కోపాలున్నా వచ్చారు. పడవలిచ్చిన ఏడుగురూ ముందు వరసలో కూర్చున్నారు. పవిత్రన్ తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. ప్రసీద తంబాయిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. దారిలో చెప్పేద్దామనుకుంది. వీధి మలుపులో చెప్పేద్దామనుకుంది, బడి గోడ దగ్గర చెప్పేద్దామనుకుంది. తంబాయి ఆ వైపు ముసలమ్మలు కట్టుకునే తెల్లపంచె కొత్తది కట్టుకుంది, తలకి నూనె రాసుకుంది.

"జనం వైపు తిప్పి కూర్చోబెట్టు," అంది. "చూడలేకపోతేనేం. నువ్వు పక్కన కూర్చో. నా మాట వచ్చినప్పుడు వాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో నువ్వు చెప్పు. ముందు అంబుని చూసి చెప్పు."

గుడ్డ మీద సినిమా మొదలైంది. జనం కదలకుండా చూస్తున్నారు. నీళ్ళ చప్పుడు, గాలి చప్పుడు. తంబాయి గుడ్డకి పక్కగా, జనానికి ఎదురుగా, నిటారుగా కూర్చుని ఉంది.

కొంతసేపటికి వంగి, "మొదలైందా?" అంది.

"మొదలైంది అమ్మమ్మా."

"ఏమీ వినపడట్లేదే."

"మీరు గుల్లలు ఏరుతున్నారు."

"ఓహో." మళ్ళీ నిటారుగా కూర్చుంది. చాలాసేపటి తరవాత, "కుంజాతి మాట?"

"ఇంకా రాలేదు."

ఏడాదికి పైగా ఆ ఊరందరికీ చెప్పీ చెప్పీ అలవాటైన మాట. నోటికి దానంతటదే వచ్చింది. గుడ్డ మీద తంబాయి మొహం ముంగిలంత అయింది, ప్రతి ముడతా కనిపిస్తోంది. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. అంబు మాష్టారు కళ్ళజోడు తీశాడు. ఎందుకు ఏడుస్తున్నారో వాళ్ళకే తెలియదు.

"ఇప్పుడు?"

"ఇంకా లేదమ్మమ్మా."

నీరు ఎక్కింది. పడవ చిన్నదైపోయింది. గుడ్డ నల్లబడి అక్షరాలు వచ్చాయి, అందులో అందరికన్నా పెద్దగా నిర్మాత పేరు వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు, చాలాసేపు కొట్టారు. తరవాత కుర్చీలు ఈడ్చిన చప్పుడు, లేచి చీరలు సర్దుకున్న చప్పుడు. పవిత్రన్ తల్లిని ఎత్తుకుంటున్నారు.

తంబాయి ఆ చప్పుళ్ళ వైపు చెయ్యి చాపింది.

"వీళ్ళు లేస్తున్నారేంటి పిల్లా? కూర్చోమను. నా మాట ఇంకా రాలేదుగా."